మడిచిపెట్టిన కాగితం

అది 2021. చొప్పదండి దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను హెల్త్ సూపర్‌వైజర్‌ని. ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక ఊరి చర్చి హాల్లోనే కరోనా టీకా క్యాంపు పెట్టాం. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టి చూడడాన్ని అబ్జర్వేషన్ అంటాం. ఆ అరగంటలో చదివి వినిపించమని పైనుంచి ఒక కాగితం వచ్చింది. చాలా అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చు. నాలుగు రోజులు దాటాక తీవ్రమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా వెంటనే రావాలి అని అందులో ఉంది.

నేను చదవలేదు. ఊళ్లో అప్పటికే పుకార్లున్నాయి. గడ్డ అన్న మాట పక్కనే వంతు కోసం నిలబడ్డవాళ్ల చెవిన పడితే లైను ఖాళీ అవుతుందనుకున్నాను. కాగితం మడిచి రిజిస్టర్లో పెట్టేశాను.

లైన్లో ఉన్న రూతమ్మ నలభై ఏళ్ల కూలి మనిషి. "ఏం గాదు గద సారూ?" అని అడిగింది.

"జరంత జరం వస్తది, గోలి ఏసుకో. ఫికర్ వెట్టుకోకు, నాది పూచీ."

"నాకేమన్నయితే నాట్లకు నువ్వే దిగాలె మల్ల," అంది. హాలంతా నవ్వింది.

తొమ్మిదో రోజు ఆమె భర్త దావీదు ఫోన్ చేశాడు. రెండు రోజులుగా తల పగిలిపోతోందట, కళ్లు మసకలట. టీకా వేసి ఎన్నాళ్లయిందో నేను లెక్క చూడలేదు. "సూది జరమే తియ్యి, గోలి ఏసి పండుకోవెట్టు," అన్నాను. ఏళ్ల తరబడి పసిపిల్లల తల్లులకు చెప్పి చెప్పి నోటికి అలవాటైన మాట అది.

మరో రెండు రోజులకు వాంతులై, మనుషులను గుర్తుపట్టని స్థితిలో ఆమెను కరీంనగర్ తీసుకుపోయారు. ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, బాగా పడిపోయాయి. అయినా మెదడులోని రక్తనాళంలో గడ్డ ఉందని స్కాన్‌లో తేలింది. టీకా ఏ రోజు వేసుకుందని డాక్టర్ మొట్టమొదట అడిగాడట.

ప్రాణం దక్కింది. కుడికంటి చూపు తిరిగి రాలేదు.

ఆమె ఇంటి గడప తొక్కడానికి నాకు నెల పట్టింది. కాగితం సంగతి చెప్పాను. దావీదు లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. రూతమ్మ అంది: "నువ్వు సదివినా సూది ఏసుకుందునే సారూ. తల నొచ్చిన నాడే వస్తుంటి, గంతే."

తర్వాతి క్యాంపులో టీకాలు మొదలుపెట్టకముందే, వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ కాగితం పైకి చదివాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కూర్చునే ఉన్నారు. నాలుగు రోజులంటే ఏ రోజు నుంచి లెక్కపెట్టుకోవాలని అడిగారు.