ఇంటిల్లిపాదీ చెయ్యి తగిలించిన అప్‌డేట్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ భూమ్మీద ఉండేది కాదు. చదువు ముగించుకుని మైదుకూరుకు తిరిగొచ్చిన కొత్త. మా మేనమామది పసుపు వ్యాపారం. దాంతోపాటు ఒంటిమిట్టకూ శ్రీశైలానికీ పోయే భక్తులు ఫోన్లోనే సత్రం గది తీసుకునే ఏర్పాటొకటి నడిపేవాడు. దాని సాంకేతిక విభాగం మొత్తం అంగడి మీది మేడగదిలో ఉండేది. మొత్తం అంటే నేనూ, నా ల్యాప్‌టాప్, బుద్ధి పుట్టినప్పుడు తిరిగే ఒక ఫ్యానూ. యాడ పనిచేస్తాండావు పాపా అని ఎవరైనా అడిగితే గడ్డం కాస్త పైకెత్తి "క్లౌడ్‌లో" అనేదాన్ని. (నేను గడ్డం ఎత్తిన వైపే వాళ్లూ చూసేవాళ్లు, పాపం.)

గదులిచ్చే మా ప్రోగ్రాములన్నీ ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ల గుంపు మీద నడిచేవి. ఆ గుంపును క్లస్టర్ అంటారు. దాని మంచీచెడూ క్లౌడ్ కంపెనీవాళ్లే చూసుకుంటారు గానీ, పాత వెర్షన్ వదిలి కొత్తదానికి మారమని చెప్పాల్సింది మాత్రం మనమే. ఆ ఏడు మారక తప్పని పరిస్థితి వచ్చింది. బుద్ధున్నవాళ్లెవరైనా ఆ పని ఒంటిమిట్ట కల్యాణానికి గదుల బుకింగ్ తెరవడానికి వారం ముందే చేసి పెట్టుకుంటారు. నేనూ అదే చెప్పాను. మామ పంచాంగం తీశాడు. మూఢం నడుస్తోంది! అది పోయాక వచ్చే మొదటి మంచి ముహూర్తం సరిగ్గా గదులు తెరిచే రోజు పొద్దున తగిలింది. పదకొండుకు గదులు తెరవాలి, ఆలోగా అప్‌డేట్ అయిపోవాలి. "పాపా, ఈ పనంతా మేమే చూసుకుంటామని బెంగళూరు కంపెనీవోళ్లు అడుగుతాండారు," అన్నాడు మామ. "ఇది నువ్వు చక్కగా చేసినావంటే వాళ్లతో పన్లేదు. చెడిందంటే మాత్రం వాళ్లకే ఇచ్చేస్తా. నువ్వు హైదరాబాదో యాడికో పోయి ఉద్యోగం చూసుకో." నాకు ఎక్కడికీ పోవాలని లేదు. ఆ మేడగదిలో కూర్చుని ఎక్కడో ఉన్న యంత్రాల మీద పెత్తనం చేయడం నాకు ప్రాణంతో సమానం. అయినా భయమేమీ వేయలేదు. చెడిపోవడమన్నది ఇతరుల అప్‌డేట్లకు జరిగే సంగతని నా నమ్మకం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పసుపు మొదటి బస్తా తూకానికి పెట్టినప్పుడు ఇంటిల్లిపాదీ వచ్చి దానికి చెయ్యి తగిలించాలి. చంటిబిడ్డ ఉంటే ఆ చిన్ని చెయ్యి కూడా పట్టి ఆనిస్తారు. ఈ అప్‌డేట్‌కు కూడా అందరూ చెయ్యి తగిలించాల్సిందేనని అవ్వ (మామ తల్లి, ఇంటికి సర్వాధికారి) తీర్పు చెప్పింది. కంటికి కనిపించని దానికి చెయ్యి ఎట్లా తగిలిస్తారని మామ తల గోక్కుంటుంటే, అదెంత పని అన్నాను నేను. అన్నానా, ఒక పేజీ తయారుచేసి ఇంటి గ్రూపులో పెట్టేశాను. ఫోన్లో దాన్ని తెరిస్తే చాలు, చెయ్యి తగిలించినట్టే. తెరవగానే అది ఈ క్లస్టర్‌కు ఏయే అప్‌డేట్లు పెట్టారని క్లౌడ్ కంపెనీ ఏపీఐని, అంటే ప్రోగ్రాములు ప్రోగ్రాములతో మాట్లాడుకునే దారిని, అడుగుతుంది. వచ్చే జాబితాలో పేర్లుండవు, అక్షరాలూ అంకెలూ కలగలిసిన పొడుగాటి గుర్తులుంటాయంతే. ఒక్కో గుర్తునూ పట్టుకుని మళ్లీ విడిగా అడిగితేనే అది నడుస్తోందో, అయిందో, చెడిందో తెలుస్తుంది. ఇదంతా నా పేజీ సెకనుకోసారి తనంతట తానే అడిగి, నడుస్తుంటే పసుపు రంగు, పూర్తయితే ఆకుపచ్చ, ఇంకేం జరిగినా ఎర్రటి అక్షరాల్లో "చెడింది" అని చూపిస్తుంది. ఆ "ఇంకేం జరిగినా" దగ్గర కాస్త ఆగి ఆలోచించాల్సింది. కానీ ఇంకేదైనా జరుగుతుందని అనుకుంటే కదా!

ముహూర్తానికి హారతిచ్చారు. నేను ఆజ్ఞ టైపు చేస్తే మీట మామ నొక్కాడు. పేజీ పసుపు రంగుకు మారింది. పసుపు వ్యాపారి ఇంట్లో ఆ రంగు కనిపిస్తే ఇంక చెప్పేదేముంది, అత్త ఫోను కళ్లకద్దుకుంది. అంతటితో ఆగారా? ప్రొద్దుటూరు పిన్నికి, కడపలో ఉన్న వియ్యాలవారికి, యార్డులో హమాలీలకు, అందరికీ పంపుకున్నారు. అందరి చేతుల్లోనూ ఆ పేజీ తెరిచే ఉంది, సెకనుకోసారి అడుగుతూనే ఉంది. చూస్తుండగానే అన్ని ఫోన్లలో ఒక్కసారిగా ఎర్రగా "చెడింది" అని పడింది. కింద అంగట్లోంచి మామ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. వెనకే అత్త. ఫోన్ల మీద ఫోన్లు. అప్పటికి పదకొండుకు ఎంతో సేపు లేదు. ఏమైందో చూద్దామని ల్యాప్‌టాప్‌లో నేనే నేరుగా అడిగితే, అడగడం మరీ ఎక్కువైంది, కాసేపు ఆగు అన్నట్టు ఏపీఐ జవాబిచ్చింది. అప్పటికి గాని ప్రాణం కుదుటపడలేదు. అప్‌డేట్ చెడలేదు, మా వాళ్లు అడిగి అడిగి ఏపీఐని విసిగించారంతే; ఆ "ఆగు"ను కూడా నా పేజీ "చెడింది" కిందే కట్టేసింది. ఆ మాటే చెప్పాను. ఒక్కరు నమ్మితే ఒట్టు. నువ్వు చూడొద్దంటే ఇంగా చూడబుద్ధయితాది అని అత్త ఇంకో రెండుసార్లు తెరిచింది. పేజీ పీకేద్దామా అంటే, ఉన్న అక్షరాలు కూడా పోతే మామ అక్కడికక్కడే బెంగళూరుకు ఫోన్ చేసేట్టున్నాడు.

నేరుగా కిందికి దిగి అవ్వ దగ్గరికి పోయాను. "అవ్వా, తూకమప్పుడు అందరూ చెయ్యి తగిలించి తీసేస్తారు గదా," అన్నాను. "ఈళ్లు తియ్యకుండా పట్టుకోనే ఉండారు. ముల్లు యాడ నిలబడతాది?"

అవ్వకు ఇంకో మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. కాలు బాగాలేని మనిషి, అయినా లేచి నిలబడింది. "చెయ్యి తగిలిచ్చేది ఒకసారే," అంది. "బస్తా పట్టుకోని యాలాడేది పద్ధతి గాదు. పెట్టండి ఫోన్లు ఈడ, అమ్మవారి ముందర."

పెద్ద ఇత్తడి పళ్లెం వచ్చింది. వ్యాపారం మంచి ఊపు మీదున్న వేళ పసుపు వ్యాపారి చేతిలోంచి ఫోను తీసుకోవడమంటే మాటలు కాదు. అయినా మామ పెట్టాడు, అత్త పెట్టింది, అంగట్లోవాళ్లూ పెట్టారు. పేజీ తెరుచుకోని ఫోను ఇంట్లో అవ్వది ఒక్కటే, బటన్లది. దాంతోనే ప్రొద్దుటూరికీ కడపకూ యార్డుకూ హుకుం వెళ్లింది. పళ్లెంలో తెరలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. సరిగ్గా అప్పుడే మామ ఫోను మోగింది. బెంగళూరాయన! ఇట్లాంటి వార్తలు వాళ్లకు ఎట్లా అందుతాయో ఏమో. మామ చెయ్యి ముందుకు చాచాడు, అవ్వ మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కాస్త ఆగి, నేనొక్కదాన్నే అడిగాను. జాబితా వచ్చింది. చివరి గుర్తు పట్టుకుని మళ్లీ అడిగాను. అప్‌డేట్ ఎప్పుడో పూర్తయి కూర్చుంది.

అయిపోయింది మామా, గదులు తెరువు అన్నాను. చెప్పిన వేళకే తెరిచాం. మొదటి గది ఎవరో నంద్యాల వాళ్లకు పోయింది. అప్పటికీ ఆ ఫోను ఆగి ఆగి మోగుతూనే ఉంది. అవ్వ తలూపాక మామ తీశాడు. "ఏం లేదప్పా," అన్నాడు. "మా పాప ఉండాది. ఈ పని గురించి ఇంగ నువ్వు ఫోన్ చెయ్యాల్సిన పన్లేదు." అన్నాక నా వైపు మాత్రం చూడలేదు, పసుపు ధర అడగడానికి ఇంకెవరికో ఫోన్ కలిపాడు. నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, ఇందులో ఏముంది అన్నట్టు బయటికొచ్చాను.

ఇప్పుడు గదులు పెరిగాయి, సత్రాలు పెరిగాయి, నా కింద పనిచేసే పిల్లలూ ఉన్నారు. "ఇంకేం జరిగినా" అన్నచోట జరగగలిగినవన్నీ విడివిడిగా రాయిస్తాను. అప్‌డేట్ మొదలుపెట్టి టీ తాగి వచ్చేసరికి అయిపోయి ఉంటుంది. రాత్రి అన్నాల దగ్గర ఏమన్నా విశేషమా అని మామ అడిగితే ఏం లేదంటాను. ఏదైనా చెడుతుందేమోనన్న అనుమానం వచ్చాక నేను ఎవరినీ చూడ్డానికి పిలవడం మానేశాను. మేడగదిలో గడ్డమెత్తిన ఆనాటి పిల్లకు ఆ అనుమానం లేదు, అందుకే ఇంటిల్లిపాదినీ పిలిచి కూర్చోబెట్టింది. దాన్ని తలచుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్లు కూడా పుడుతుంది.