రోములో ఆగని కొళాయి

మా మనవరాలిని ఇంట్లో పాప అంటాం. బర్గూరు కాలేజీలో చదివి, గ్రానైట్ కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి, పగిలిన పాత శిల్పాలను అతికించే విద్య నేర్చుకోవడానికి రోముకు వెళ్ళింది. చదువు ముగిసింది. ఇంకో రెండేళ్ళు ఉండి తన దగ్గరే పనిచేయమని గురువు అడిగిందట. పాప నాన్న, అంటే మా అబ్బాయి, ససేమిరా అన్నాడు. మా హోసూరు పక్కన మూకండపల్లిలో తను పనిచేసే ఫ్యాక్టరీలోనే పాపకు ఆఫీసు ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. తండ్రీ కూతుళ్ళు ఫోన్లో అరుచుకుని అరుచుకుని, చివరికి తీర్పు నా నెత్తిన పెట్టారు.

"అవ్వ వచ్చి చూడనీ. ఉండమంటే ఉంటా, రమ్మంటే మూట కట్టుకుని వస్తా" అంది పాప. విమానం టికెట్టు కూడా తనే తీసింది.

బాగలూరు దగ్గర మా పూలతోట, తిరుపతి కొండ, ఎప్పుడైనా పెళ్ళికి కోలారు. నేను తిరిగిన లోకం అంతే. నేను పాపను రమ్మనడానికే విమానం ఎక్కాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పాపకు సెలవు దొరికిన రోజు ఊరు చూపిస్తానంది. పొద్దున్నే ఫోన్లో ఎర్ర గుర్తు వచ్చింది. ఎండ మితిమీరుతుంది, ముసలివాళ్ళు మధ్యాహ్నం బయట తిరగవద్దు అని.

"అవ్వా, ఈ పొద్దు వద్దు. ఒక గుడి చూసుకుని ఇంటికి వచ్చేద్దాం. ఎండ దిగినాక మళ్ళీ పోదాం."

"ఆ పాత కోటకు మధ్యాన్నం టికెట్టు తీసినావు కదా?"

"తీసినాను. పోతే పోనీ."

"పోతే పోనీనా? దుడ్డు చెట్టుకు కాసిందా? పద!"

అది కోట కాదు, పూర్వం మనుషులనూ మృగాలనూ కొట్లాడించి వేడుక చూసిన గుండ్రటి కట్టడం. పాప ఎన్నిసార్లు చెప్పినా నాకు కోటే.

నూలు చీర కట్టుకుని, స్టీలు బాటిల్లో ఇంటి నీళ్ళు పట్టుకుని బయలుదేరాను. మా హోసూరు వైపు ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దుప్పటి లాక్కుంటాం. ఇక్కడ పొద్దెక్కకముందే గోడలు సెగలు కక్కుతున్నాయి. పాప వీధి ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటిస్తూ, నీడ ఉన్న వైపే నన్ను నడిపించింది. మా పుట్టింట్లో మేకలు తోలేవాళ్ళు అలాగే నడిచేవారు. గమనించాను గానీ మెచ్చుకోలేదు.

ఒక మలుపులో ఇనుప స్తంభానికి కొళాయి. చల్లటి నీళ్ళు ధారగా కారి, ఊరికే కాలువలోకి పోతున్నాయి. మా వీధిలో నీళ్ళు వదిలే పొద్దుకు బిందెలు వరుసగా పెట్టుకుని కాపలా కాస్తాం. నాకు ఒళ్ళు మండింది. కట్టేద్దామని వెతికితే తిప్పడానికి పిడి లేదు. వంగి, బొటనవేలితో గొట్టాన్ని గట్టిగా మూశాను. అంతే, గొట్టం పైనున్న చిన్న కంతలోంచి నీళ్ళు ఎగజిమ్మి నా మొహాన కొట్టాయి.

పాప నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. "అట్లనే అవ్వా ఈడ తాగేది! కింద మూస్తే పైన వస్తుంది!"

కుక్కపిల్లతో నిలబడ్డ ఒక ముసలామె చప్పట్లు కొట్టి ఏదో అంది.

"ఏమంటుందే?"

"వచ్చీరాకముందే నేర్చుకునేసినావంట."

"నేర్చుకునింది సరే. పొయ్యేటప్పుడు కట్టేసి పొమ్మను."

మొహం కడుక్కున్నాను గానీ గుక్కెడు కూడా తాగలేదు. ఆ ఊళ్ళో కక్కసుకు పోవాలన్నా కాసు అడుగుతారు. తాగితే కదా ఆ ఖర్చు!

కోట దగ్గర వరుసలో నిలబడేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. లోపల మెట్లెక్కి, అంత పెద్ద కట్టడాన్ని కళ్ళారా చూశాను. చూసిన తృప్తి ఎంతోసేపు నిలవలేదు. చెప్పుల్లోంచి రాతి వేడి అరికాళ్ళకు తగులుతోంది. కూర్చుందామని ఒక బండ మీద ఒరిగి, పెనం మీద కూర్చున్నట్టు లేచాను. లేచిన తర్వాత గోడలు గిరగిరా తిరిగాయి.

పాప నన్ను ఒడిసి పట్టుకుని కమాను కింది నీడలోకి లాగింది. బాటిల్ తీసి ఊపి చూసింది. నిండుగా ఉంది.

"పొద్దుట్నుంచి చుక్క తాగలేదా? నడిపొద్దులో మందను నీడన నిలపల్ల అని నాకు చెప్పింది ఎవరు అవ్వా? చావనీకి వచ్చినావా ఈడికి?"

"అది కాదే, కక్కసుకు దుడ్డు..."

"నీ కక్కసు దుడ్డు నేనిస్తా! సుమ్మా ఉండు, మాట్లాడొద్దు. తాగు. ఇంకా తాగు."

సగం నీళ్ళు తాగించి, మిగిలింది నా తల మీద, చీర మీద పోసింది. జనం వైపు తిరిగి వాళ్ళ భాషలో ఒక్క కేక వేసింది. కాపలా మనిషి పరుగున కుర్చీ తెచ్చాడు. గుంపు పక్కకు జరిగి గాలి ఆడనిచ్చింది. తెలియని భాషే గానీ ఆ కేక నాకు తెలుసు. తోటలో కూలీల మీద నేను వేసే కేకే అది.

కాస్త తేరుకున్నాక, దగ్గరలోనే ఉన్న తన పనిచోటుకు తీసుకువెళ్ళింది. ఆ రోజు అక్కడ ఎవరూ లేరు. తాళంచెవి పాప దగ్గరే ఉంది. నేలకింది గది, మందపు గోడలు, మా ధాన్యపు కొట్టులా చల్లగా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, నిమ్మరసంలో ఉప్పు కలిపి ఇచ్చింది.

తల దిమ్ము తగ్గాక లేచి చూశాను. గది నిండా పెట్టెలు. వాటిలో రాతి ముక్కలు, గోరంత పెచ్చులు కూడా గుర్తులు వేసి దాచారు.

"ఇవి కూడా పారేయరా?"

"ఏదీ పారేయం అవ్వా. యాడిదో ఒక రోజు తెలుస్తుంది."

నాకు తెలియకుండానే తల ఊపాను. ఒక బల్ల మీద రాతి పసిబిడ్డ ఉంది. మడమ దగ్గర విరిగిన పాదాన్ని తనే అతికించానని పాప చూపించింది. వేలితో తడిమితే అతుకు తెలియలేదు. దీపం దగ్గరికి తెస్తే సన్నటి గీత కనబడింది.

"దీన్ని కూడా దాచేయకపోయినావా?"

"దాచకూడదు. దగ్గరికి వచ్చి చూసినోళ్ళకి తెలియల్ల. మా గురువమ్మ ఫస్టు నేర్పించింది అదే."

"ఇదంతా నేర్చుకుని మన ఊళ్ళో ఏం చేస్తావు?"

పాప ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టుంది. "మన పక్క పశువుల కోసం కొట్లాడి చచ్చినోళ్ళకి బొమ్మ చెక్కి పాతిన రాళ్ళు, వీరగల్లులు, ఎన్ని లేవు? విరిగి గట్ల మీద పడుండాయి. మన బావికాడ బట్టలుతికే బండ కూడా అదేనేమో, తిప్పి చూసినామా? రెండేళ్ళు నేర్చుకుని వచ్చి నేను తిప్పి చూస్తా."

నేను ఆ బండ మీద పెళ్ళయిన నాటి నుంచి బట్టలు బాదుతున్నాను. ఫోన్ కలపమన్నాను.

మా అబ్బాయి హుషారుగా ఎత్తాడు. "ఏమ్మా, ఎప్పుడు వస్తా ఉండారు ఇద్దరూ?"

"నేను వస్తా ఉండాను. పాప రెండేళ్ళు ఉంటుంది. ఆ ఆఫీసు పనికి ఇంకెవరినైనా చూసుకోమను."

"అమ్మా, ఎండదెబ్బ తగిలిందా నీకు?"

"తగిలింది. అయినా తెలివిలోనే చెప్తా ఉండాను. ఆ బావికాడి బండ మీద ఇంక ఎవరూ బట్టలు బాదొద్దని చెప్పప్పా."

ఫోన్ పెట్టేశాక పాప అటు తిరిగి, ఉన్న ఉలులనే మళ్ళీ మళ్ళీ సర్దుతూ నిలబడింది. కొంతసేపటికి ముక్కు తుడుచుకుని వచ్చింది.

"ఆకలి అవుతా ఉందా అవ్వా?"

"అవుతా ఉంది. ఎండ దిగింది కదా. ఈ ఊళ్ళో తినేకి ఏముందో చూపించు, పద."