తెలుపు చూసి కొన్న ల్యాప్‌టాప్

“బయట వెలుగులో చూడనిదే నేను దారపుండ కూడా కొనలేదు. ఇంత ఖరీదు వస్తువు ట్యూబులైటు కింద చూసి ఎలా కొంటావే?”

“అమ్మా, ఇది దారం కాదు, ల్యాప్‌టాప్. నువ్వు కాసేపు ఆ స్టూలు మీద కూర్చో.”

“కూర్చోడానికి వచ్చానా? బయటికి తెమ్మను.”

“నలుగురూ చూస్తున్నారమ్మా.”

“చూడనీ. వాళ్ళేమైనా కొనిపెడతారా?”

దోహాలో మా అమ్మాయి వాళ్ళుండే ఉమ్ ఘువైలినాలో, ఇంటికి నాలుగు సందుల అవతల, పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే కొట్లో జరిగిన మాటలివి. తొంభైల చివరి సంగతి. అక్కడ శుక్రవారమే సెలవు, చర్చీ ఆ రోజే. ఆ శుక్రవారం పొద్దున ప్రార్థనకు వెళ్ళొచ్చి, సాయంత్రం నాలుగింటికి కొట్టు తెరవగానే అందరం వెళ్ళాం. రెండు నెలల మనవరాలు నా భుజం మీద నిద్రపోతోంది.

అమ్మాయి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్ళికార్డులూ, షాపుల కాగితాలూ డిజైన్ చేసేది. నేను పురుడు పొయ్యడానికి వచ్చాను. నా వీసా ఇంకో మూడు వారాలే ఉంది. నేను వెళ్ళిపోతే పిల్లని చూసేవాళ్ళు లేరు. ప్రెస్సు మేనేజరు మంచివాడే. “ఇంట్లో సొంత మెషీన్ ఉంటే పని ఇంటికే పంపుతాను. శనివారం పొద్దుటికి ఒక కార్డు చేసి చూపించు. కుదరకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాను” అన్నాడు. ఆ పని పోతే ఒక్క జీతంతో ఫ్లాటు అద్దె కట్టలేరు. అల్లుడు కంపెనీ క్యాంపులో మంచం వేసుకోవాలి, తల్లీ పిల్లా నాతోపాటు విమానం ఎక్కాలి. కొత్త కాపురం రెండు ముక్కలు కావడం నాకు ఇష్టం లేదు.

అల్లుడు నా మాట కాదనడు. ల్యాప్‌టాప్ రెండు చేతులా పట్టుకుని బయటికి తెచ్చాడు. పడమటి ఎండ నేరుగా కొడుతోంది. తెర అట్లపెనంలా నల్లగా అయిపోయింది.

“చచ్చిపోయింది. చూశారా?” అన్నాను.

కొట్టాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఎదురుగా ఆగిన టాక్సీ డ్రైవరూ నవ్వాడు. కొట్టాయన హిందీలో ఏదో చెబితే అల్లుడు నాకు నెమ్మదిగా చెప్పాడు: “ఎండలో ఇవేవీ కనపడవంట అత్తయ్యగారూ. చచ్చిపోలేదు.”

అమ్మాయి మొహం కందగడ్డలా అయింది. “ఇంటికి పోదాం” అని ముందు నడిచింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది, “నా పరువు తీశావు. రేపు పొద్దుటికి కార్డు ఎక్కడ చెయ్యను?”

నాకు తప్పు తెలిసింది. అయినా లోపల ఒక అనుమానం గుచ్చుతూనే ఉంది. కొట్లో అమ్మాయి ఆ తెర మీద తెల్లకాగితం లాంటిది తెరిచింది. నేను నిలబడి చూసినప్పుడు అది ఒక తెలుపు. పిల్ల కాలిమేజోడు జారితే తియ్యడానికి వంగినప్పుడు ఇంకో తెలుపు. పై అంచు నీలం పోసినట్టుంది, కింది అంచు మాగి పసుపెక్కినట్టుంది.

నేను చదివింది మూడో తరగతి. కానీ నరసాపురం దగ్గర మా ఊళ్ళో ముప్పయ్యేళ్ళు లేసు అల్లాను. అక్కడ తెలుపే మా తిండి. ఒక గుడ్డ సగం ఒక ఉండతో, సగం ఇంకో ఉండతో అల్లితే, రెండు తెలుపులూ కలవకపోతే ఏజెంటు గుడ్డ మొత్తం తిప్పి మొహాన కొట్టేవాడు. నెల రోజుల కష్టం పోయేది. అందుకే కొత్త ఉండ విప్పేముందు గుమ్మంలోకి తెచ్చి, పాతదాని పక్కన పెట్టి చూసేవాళ్ళం. ఆ అలవాటే నా చేత కంప్యూటర్‌ని ఎండలోకి తెప్పించింది.

“ఒక్క మాట అడుగుతా, కసరకు. ఆ తెర మీద పైన ఒక తెలుపు, కింద ఒక తెలుపు ఎందుకుందే?” అన్నాను.

“అన్నీ అంతేనమ్మా.”

“మీ ప్రెస్సులోదీ అంతేనా?”

“అది పెద్దది. అది అలా ఉండదు.”

“మరి పైనొక గులాబీ, కిందొక గులాబీ వేస్తావు. రెండూ రెండు రంగుల్లో కనపడితే ఏది నిజమనుకుని అచ్చుకు పంపుతావు?”

“నేను తిన్నగా కూర్చుని చూస్తాను.”

“ఒళ్ళో పిల్లని పెట్టుకుని తిన్నగా కూర్చుంటావా? నలుగుర్ని కన్నదాన్ని, నాకు చెప్పకు.”

“అత్తయ్యగారు చెప్పింది ఆలోచించాల్సిందే” అన్నాడు అల్లుడు.

“మీరు మధ్యలో రాకండి” అంది అమ్మాయి. కానీ విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుంది. ఎంత స్పీడు, ఎంత హార్డ్ డిస్క్ అని అన్నీ కనుక్కుందట గానీ, తెర సంగతి అడగడం తనకూ తోచలేదట.

కొట్టాయన మళ్ళీ నవ్వుతాడనుకుని నేను వెనకాలే నిలబడ్డాను. అల్లుడు సంగతి చెప్పగానే ఆయన నవ్వు మానేశాడు. తెరలు రెండు రకాలనీ, ఇది చవక రకమనీ, లెక్కలు రాసుకునేవాళ్ళకు సరిపోతుందనీ, బొమ్మల పని అని ముందే చెప్పుంటే తనే వద్దనేవాడిననీ అన్నాడు. కింది అర వెతికి ఇంకొకటి తీశాడు. ఇటుకలా బరువు. మూత నిండా గీతలు. బ్యాటరీ పోయింది, తీగ పెట్టే వాడాలి. డిస్కు మొదటిదాంట్లో సగం. తెల్లకాగితం తెరిచి, “అమ్మాజీ, పహలే ఆప్ దేఖో” అని తెర నా వైపు తిప్పాడు.

ముందు నన్ను చూడమన్నాడు. నిలబడి చూశాను, వంగి చూశాను, ఆ పక్కకీ ఈ పక్కకీ వెళ్ళి చూశాను. ఎటు చూసినా ఒకటే తెలుపు.

“ఇది” అన్నాను.

మొదటిదాంట్లోని మెమరీ విప్పి దీంట్లో వేసి, దాని ధరకే దీన్ని ఇచ్చాడు. “సంచీ కూడా ఇమ్మనండి” అని అల్లుడితో అన్నాను. ఫర్వాలేదు అనడానికి అక్కడివాళ్ళు అనే “మాఫీ ముష్కిల్” అని సంచీ ఇచ్చి, రేపు కార్డు బాగా రాకపోతే తెచ్చి ఇచ్చెయ్యమన్నాడు. ఆయన ఏ ఊరివాడో నాకు తెలియదు. నా నవ్వులపాటు చూసినవాడే నా మాటకు విలువిచ్చాడు. ఇన్నేళ్ళయినా ప్రార్థనలో ఆయన ఇంటివాళ్ళ క్షేమం అడుగుతూనే ఉన్నాను.

అమ్మాయి నాకు క్షమాపణ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మా ఇళ్ళల్లో అది అలవాటు లేదు. అన్నాలు తినగానే బల్ల దగ్గర కూర్చుని పిలిచింది.

“అమ్మా, కార్డులో అక్షరాల వెనక రంగుకి ఈ రెండు తెలుపుల్లో ఏది వెయ్యమంటావు?”

నేను వెళ్ళి చూసి, వెన్న రంగు కలిసినదాన్ని చూపించాను. అదే వేసింది. డిగ్రీ చదివిన కూతురు తన పనిలో నన్ను సలహా అడిగిన రోజది. దేవుడికి అప్పుడే స్తోత్రం చెప్పుకుని పిల్ల పక్కన పడుకున్నాను.

మర్నాడు పొద్దున అల్లుడు డ్యూటీకి వెళ్తూ కార్డు ఎక్కించిన ఫ్లాపీ ప్రెస్సులో ఇచ్చాడు. తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. కార్డు అచ్చువేయించి చూశాననీ, బాగుందనీ, ఇంకో రెండు కార్డుల పని సాయంత్రం పంపుతాననీ మేనేజరు చెప్పాడట. అమ్మాయి ఫోను పెట్టేసి పిల్లకు పాలు పట్టింది. నేను పప్పు కడిగి పొయ్యి మీద పెట్టాను.