గీత వెడల్పు ఎవరిది?

ఆయన కింద ఆఫీసు కుర్చీలు మూడు అరిగిపోయాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కుర్చీ అరగాలంటే ముందు మనిషి అందులో కూర్చోవాలి. ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో ఆయన కూర్చున్న సమయమంతా కూడినా ఒక కునుకుకి సరిపోదు. మ్యాపులు నిలబడి గీసేవాడు, అన్నం నిలబడి తినేవాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్తే, డాక్టరు పట్టకారు పట్టుకుని ఈయన వెనకాల గదంతా తిరిగాడని వాళ్లావిడ ఇప్పటికీ చెబుతుంది. ఆఫీసులో మొదట 'కాలుగాలిన పిల్లి' అన్నారు. పని పెరిగి తీరిక తగ్గాక 'పిల్లి' అన్నారు. వయసు మీదపడ్డాక మర్యాద కలిపి 'పిల్లిగారు' అన్నారు. ఆ పేరుతో పిలిస్తేనే పలికేవాడు.

పిల్లిగారు నగరాభివృద్ధి సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్. మహానగరం, దాని చుట్టూ పదకొండు చిన్న ఊళ్లు, వాటి మధ్య పొలాలు, అన్నిటినీ చుట్టుకుంటూ పోయే ఒక ఏరు. వీటన్నిటికీ కలిపి రాబోయే పాతికేళ్లకి ఒక ప్లాను. ఇళ్లు ఎటు పెరగాలి, రైలు ఎటు వెళ్లాలి, ఏ చెట్ల జోలికి పోకూడదు, ఎండలూ వానలూ ముదిరితే ఏం చెయ్యాలి అని పెద్దలు నాలుగేళ్లు మాట్లాడారు. మాట్లాడిందంతా చివరికి కాగితం మీద గీతలు కావాలి. గీతలు పిల్లిగారివి.

ఈసారి ప్లానులోకి కొత్తగా ఒక నీలం గీత వచ్చింది. ముంపు గీత. ఏటికి అటూ ఇటూ పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. గీతకి ఏటివైపు ఉన్నచోట ఇకమీదట ఒక్క ఇటుక పేర్చడానికి లేదు, ఉన్న ఇల్లు ఉన్నట్టే ఉండాలి. బయటివైపు ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు కట్టుకోవచ్చు.

ఆ గీత ఎక్కడ నడవాలో తేల్చింది వాతావరణ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి. అంకెలు తప్ప మాటలు తక్కువ కాబట్టి అందరూ లెక్కలమ్మాయి అనేవారు.

"ఇది పడిపోయిన వానల లెక్క కాదు బాబాయ్, పడబోయే వానల లెక్క," అంది ఫైలు అప్పగిస్తూ.

"పడని వానని ఎలా కొలిచావమ్మా?"

"మీరు కట్టని రైలు లైనుని ఎలా గీశారు?"

పిల్లిగారు తల గోక్కుంటూ కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. జవాబు దొరకనప్పుడల్లా ఆయన కిటికీ దాకా వెళ్లి వస్తాడు.

ముంపు గీత సంగతి ఆయన అక్క చెవిన పడింది. అక్కది ఏటి పక్క వీధిలో చిన్న ఇల్లు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక కటింగ్ టేబులు. చుట్టుపక్కల నాలుగు బళ్ల యూనిఫాములు ఆ గదిలోంచే వెళ్తాయి. వెనక గదిలో కొడుకూ కోడలూ కవల పిల్లలూ. ఇక చోటు లేక అక్క కటింగ్ టేబుల్ కింద పడుకుంటుంది. పైన ఒక అంతస్తు వేసుకోవాలని ఆరేళ్లుగా చూస్తోంది. స్తంభాల మీద ఇనప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ తుప్పు పడుతున్నాయి. డాబా మీదకి మెట్లు కూడా ఉన్నాయి, ఎక్కి చేరడానికి గదే లేదు.

"ఒరేయ్, మా ఇల్లు లోపలా బయటా?" అంది ఫోన్లో, హలో కూడా అనకుండా.

"చూసి చెబుతానక్కా."

"గీసింది నువ్వు, చూడ్డం దేనికి? కాస్త అటు జరుపు. నీళ్లకేం తెలుస్తుంది?"

"పద్ధతి కాదక్కా."

"చిన్నప్పుడు నా రెండో జడ కత్తిరించినప్పుడు లేని పద్ధతి ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"

చూశాడు. కంప్యూటర్లో ఎంత దగ్గరికి లాగినా గీత వెంట్రుకలాగే ఉంది. అక్క ఇల్లు ఆ వెంట్రుకకి ఆనుకుని బయట. హమ్మయ్య అనుకున్నాడు. మర్నాడు నమూనాగా మ్యాపు అచ్చు తీయించాడు. కాగితం మీద అక్క ఇల్లు లేదు. భూతద్దం పెట్టి వెతికితే తెలిసింది, ఇల్లు ఎటూ పోలేదు, నీలం సిరా కింద ఉంది.

అక్కడ మొదలైంది అసలు తిప్పలు. ఆ మ్యాపులో ఒక సెంటీమీటరంటే నేల మీద పావు కిలోమీటరు. అచ్చులో గీత మందం అర మిల్లీమీటరు. అంటే నేల మీద పన్నెండున్నర మీటర్ల వెడల్పు. కంప్యూటర్లో ఏమున్నా అచ్చయిన మ్యాపే చట్టం. మరి గీత కింద ఉన్నవాళ్లు లోపలివాళ్లా బయటివాళ్లా? రూల్సు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. గీతకి ఇటు ఏమిటో ఉంది, అటు ఏమిటో ఉంది. గీత వెడల్పు ఎవరిదో ఎక్కడా లేదు. దాన్ని రాసినవాళ్లంతా గీతకి వెడల్పు ఉండదని బళ్లో చదువుకున్నవాళ్లు.

తొమ్మిది రోజులు పిల్లిగారు ఆఫీసుకి ముందు టేపు పట్టుకుని గీత వెంట నడిచాడు. రెండు జతల చెప్పులు అరిగాయి. మూడో జత తనంతట తానే ఇంటికి తిరిగొచ్చిందని వాళ్లావిడ అంటుంది గానీ అంతవరకు నేను పూచీపడను. సిరా కింద పడ్డ ఇళ్లు రెండు వందల పదమూడు. ఒక సైకిల్ రిపేరు కొట్టు, ఒక మంగలి షాపు, సగం కట్టి ఆపేసిన ఇళ్లు, ఒక ముసలాయన పెంచుకున్న కూరగాయల మడి. ఆ ముసలాయన టేపు చివర పట్టుకుని సాయం కూడా చేశాడు. చేశాక అడిగాడు: "ఇంతకీ దేనికయ్యా కొలుస్తున్నావు?" పిల్లిగారు ఆ రోజు ఆఫీసుకి నడిచి కాదు, పరిగెత్తి వెళ్లాడు.

మ్యాపు అచ్చుకి వెళ్లేది సోమవారం. శుక్రవారం ఆయన గీత మందాన్ని తగ్గించి చూశాడు. ఒక్క అంకె మారిస్తే చాలు. అర మిల్లీమీటరు కాస్తా అందులో సగానికి సగమైంది. అక్క ఇల్లు నీలంలోంచి బయటికి వచ్చి పొడిగా నిలబడింది. మళ్లీ పెంచాడు. మునిగింది. తగ్గించాడు. తేలింది. ఇలా ఏడు సార్లు. ప్రతి సారికీ మధ్య ఒక సారి కిటికీ.

ఏడోసారి వెనకాల లెక్కలమ్మాయి నిలబడి ఉంది.

"గీత సన్నబడిందేంటి బాబాయ్?"

"డైటింగ్ చేస్తోంది."

ఆ అమ్మాయి నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "నా లెక్కలో అటో ఆరు మీటర్లు, ఇటో ఆరు మీటర్లు తేడా వస్తుంది. వాన ఎంత పడుతుందో ఖాయంగా ఎవరికీ తెలీదు. ఇన్నాళ్లూ ఆ సంగతి మ్యాపులో ఎలా చూపించాలా అని కొట్టుకుంటున్నాను. మీ లావు గీత దానంతట అదే చూపించేసింది. సన్న గీత గీస్తే, ఇక్కడిదాకే నీళ్లు, అవతల అడుగు వేస్తే పొడి అని మనం మాటిచ్చినట్టు. అంత ధైర్యం నాకు లేదు."

"ఆ సిరా కింద మా అక్క ఉందమ్మా."

"తెలుసు. ఏడు సార్లు అక్కడికే దగ్గరికి లాగారు."

"నీళ్లు వస్తే ఎంత లోతు?"

"మామూలుగా మోకాలిదాకా. చెడ్డ ఏడాది నడుముదాకా. రెండు గంటల్లో వచ్చేస్తాయి."

నిలబడ్డ మనిషికి మోకాలు, నడుము. పడుకున్న మనిషికి? ఆయన అంకె మళ్లీ మొదటికి మార్చాడు. ఈసారి కిటికీ దాకా వెళ్లలేదు.

అభ్యంతరాలు వినే సభ నెల తర్వాత జరిగింది. హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల నిండా జనం. వేదిక మీద పెద్దసారు, పక్కన లెక్కలమ్మాయి. గోడ వారగా పచార్లు చేస్తూ పిల్లిగారు. మైకు మూడోవరసలోకి వచ్చేసరికి అక్క లేచింది.

"మా ఇల్లు లోపలా బయటా? రెండు ముక్కల్లో ఒకటి చెప్పండి."

పెద్దసారు పిల్లిగారి వైపు తిరిగాడు. "చెప్పండి. లోపలా, బయటా?"

"కింద సార్."

హాలంతా నవ్వింది. పెద్దసారు కూడా నవ్వబోయి ఆగాడు. పిల్లిగారు మైకు తీసుకుని పావు కిలోమీటరు లెక్కా, పన్నెండున్నర మీటర్ల వెడల్పూ, రెండు వందల పదమూడు ఇళ్లూ చెప్పాడు. చెబుతూ వేదిక ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తుంటే జనం తలలు ఆయనతో పాటు తిరిగాయి.

"ముప్పై ఏళ్లుగా గీతలు గీస్తున్నారు కదా, ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు పెద్దసారు.

"ఇన్నాళ్లూ గీత కింద మావాళ్లు ఎవరూ లేరు సార్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కూరగాయల ముసలాయన మాత్రం వెనక నుంచి "నిజం ఒప్పుకున్నాడు!" అని అరిచాడు.

"గీత నీళ్లదే అంటే వీళ్లందరికీ అన్యాయం," అన్నాడు పెద్దసారు. "ఇళ్లదే అంటే?"

"రేపు నీళ్లు వచ్చాక జనం నన్ను అడుగుతారు," అంది లెక్కలమ్మాయి.

గంటన్నర వాదించుకున్నారు. చివరికి పిల్లిగారే అన్నాడు: "గీతని గీతలా కాదు సార్, ఒక పట్టీలా చూడండి. ఆ పట్టీలో పైన కట్టుకోనివ్వండి. కింద మాత్రం ఎవరూ పడుకోకూడదు, బరువైన సామాను పెట్టకూడదు. కింది గది నీళ్లది, పై గది మనిషిది."

"కుట్టుమిషను?" అంది అక్క, మైకు లేకుండానే. హాలు చివరిదాకా వినిపించింది.

"అది కూడా పైకే అక్కా."

"నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది మోకాళ్ల నొప్పులవాళ్లురా! మనవళ్లకి యూనిఫాం కుట్టించడానికి మేడ ఎక్కుతారా?"

పెద్దసారు కుట్టుమిషనుతో సహా ఆ షరతు రాయించాడు. అక్క సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

మూడు వారాలు ఫోను లేదు. పిల్లిగారు ఇంట్లో నడిచిన నడక చూసి, కింది వాటాలో ఉన్నవాళ్లు సీలింగు ఊడిపోతుందేమోనని వాళ్లావిడతో చెప్పుకున్నారు. నాలుగో వారం ఆయనే వెళ్లాడు. అక్క కాలర్లు కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"నువ్వు నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదూ?"

"తెలిసేది కాదు."

"సన్నగా గీసుంటే నాకు పైనా కిందా రెండూ దక్కేవి."

"ఏడు సార్లు గీశాను సన్నగా."

కత్తెర ఆగింది. "మరి?"

"నువ్వు ఆ టేబుల్ కింద పడుకుంటావు. పిల్లలు నేల మీద దొర్లుతారు. రెండు గంటల్లో నడుముదాకా అంది ఆ అమ్మాయి."

అక్క వంగి టేబుల్ కిందికి చూసింది. తర్వాత కత్తెర పక్కన పెట్టి, మెడలో వేలాడుతున్న టేపు తీసి తమ్ముడి మీదికి విసిరింది.

"ఆ మెట్లు చూశావా? గోడెక్కినట్టు ఉంటాయి. ఒక్కో మెట్టు ఎత్తు కొలువు."

కొలిచాడు. "తొమ్మిదంగుళాలు."

"మోకాళ్ల నొప్పులవాళ్లు ఎంత ఎక్కగలరు?"

"ఆరు."

"అయిదు చెయ్యి."

"అయిదు చేస్తే మెట్లు ముందు గదంతా మింగేస్తాయి అక్కా."

"మింగనీ. ఆ గదిని ఎలాగూ నీళ్లకి రాసిచ్చేశావుగా."

పిల్లిగారు గోడ మీద సుద్దతో మెట్లు గీయడం మొదలుపెట్టాడు. అక్క వెనకాల నిలబడి, ఇది ఎత్తు, ఇది కాదు, చెరిపెయ్ అంటూనే ఉంది.