తాడుకు అందని నీరు

మంఖాల్‌లో తమ్ముడి పొలంలోని బోరులో నీరు ఎంత లోతున ఉందో, రాయి కట్టిన రెండు వందల అడుగుల తాడు దింపి, అరవై రోజులు పనికి వెళ్లేముందు పుస్తకంలో రాశాను. ఆదివారాలు మేమంతా చర్చికి వెళ్తాం కనుక కొలత లేదు. ఆ గడిలో అడ్డగీత పెట్టాను. నాలుగు రోజులు తాడంతా దింపినా రాయికి తడి తగలలేదు. అంకె లేదు కనుక అక్కడా అడ్డగీతే పెట్టాను.

ఆ లెక్కలన్నీ కంప్యూటర్‌లో ఎక్కిస్తే, అది అడ్డగీతలన్నిటినీ వదిలేసి, అటూ ఇటూ ఉన్న చుక్కలను కలిపి కాగితం మీద నున్నని గీత గీసి ఇచ్చింది.

"నీళ్లు మంచిగనే ఉన్నయ్ గద అన్నా. రెండెకరాలు వరి ఏస్త," అన్నాడు తమ్ముడు ఆ గీత చూసి.

శంషాబాద్ గోదాములో పని ముగించుకుని వచ్చిన అలసటలో నేనూ తలూపాను. అతడు నారు పోశాక గానీ పుస్తకం మళ్లీ తిరగేయలేదు. అప్పుడు ఆదివారాల దగ్గర గీతను తెంచి, ఆ నాలుగు రోజులకు కాగితం అడుగు అంచున కిందికి బాణాలు వేసి చూపించాను.

"ఎంత లోతుకు పోయినయే?"

"తెల్వదురా. తాడు గాడికే ఒడిసింది."

"గిన్ని లెక్కలు రాస్తవ్, గీ ముక్క రాయకపోతివి."

చివరకు ఒక ఎకరమే నాటి, మిగిలిన నారు పక్క పొలం వాళ్లకు ఇచ్చేశాడు.