వెలగని ఇంజిన్ లైటు

ఊరంతా ఆమెను డ్రైవరమ్మ అనే పిలిచేది. పదకొండేళ్లు అద్దె కారు నడిపింది. కిడ్నీలు చెడినవాళ్లను డయాలసిస్‌కి తీసుకెళ్లడం, నాలుగు గంటలు ఆస్పత్రి బయట కాచుకోవడం, మళ్లీ ఇళ్లకు చేర్చడం ఆమె పని. వాళ్లు దారిలో వాంతి చేసుకున్నా మొహం చిట్లించేది కాదు. గతుకు కనబడితే ఒళ్లో పాలగిన్నె పెట్టుకున్నట్టు బండిని దాటించేది. మాట మాత్రం కరుకు. "నా నోరు చూసి కాదు, నా బ్రేకు చూసి ఎక్కండి" అనేది.

పాత కారు అరిగిపోయి ఇంకొకటి కావలసి వచ్చింది. అక్క మొగుడు సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి. ఎంత డొక్కు బండినైనా అద్దంలా మెరిపిస్తాడని జనం అతనికి పాలిష్ అని పేరు పెట్టారు. అతనూ ఆ పేరుకు మురిసిపోయేవాడు.

"బయటివాడి దగ్గర కొంటే మోసపోతావు మరదలా. నేనున్నది దేనికి?" అని తనే ఒక తెల్ల కారు చూపించాడు. సీట్లకు కొత్త కవర్లు, లోపల గుప్పుమనే సెంటు. డ్రైవరమ్మ ఇంకేమీ చూడలేదు. అయినవాళ్లను అనుమానించడం ఆమెకు చేతకాదు.

రెండు నెలలు బండి నడిచింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికేది. బావకు చెప్తే "పెట్రోల్లో కల్తీ ఉంటుందిలే" అని కొట్టిపారేశాడు. మీటరులో ఏ లైటూ వెలగడం లేదు కాబట్టి ఆమే సర్దిచెప్పుకుంది.

ఆ రోజు పొద్దున పది గంటలు. వెనక సీట్లో ఒక టైలరమ్మ ఉంది, డయాలసిస్‌కి వెళ్తోంది. రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుండగా ఎవరో గొంతు నొక్కినట్టు ఇంజిన్ బలం పడిపోయింది. ఎక్సలేటరు నేలకంటా తొక్కినా బండి ముందుకు పోనంటోంది. పక్కకు తీసేలోపే వెనకనుంచి వ్యాను గుద్దింది. కారు వెళ్లి వంతెన గోడను ఢీకొట్టింది. టైలరమ్మ నుదుటి మీద నాలుగు కుట్లతో బయటపడింది. డ్రైవరమ్మ ఎడమ మోకాలు నుజ్జయింది. రెండు ఆపరేషన్ల తర్వాత డాక్టరు, "నడుస్తారు. కానీ ఈ కాలు మళ్లీ క్లచ్ తొక్కదు" అన్నాడు.

ఆస్పత్రి మంచం చుట్టూ అమ్మ, అక్క, బావ, పలకరించడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"బండే చచ్చుబడిపోయింది బావా. నా తప్పేం లేదు" అంది డ్రైవరమ్మ.

పాలిష్ నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! బండి చెడితే లైటు వెలగాలి కదా. వెలిగిందా? లేదు. కునుకు పట్టినప్పుడు పట్టిందని ఒప్పుకోవాలి మరదలా."

అక్క కిటికీ వైపు తిరిగి నిలబడింది.

వారం తిరక్కుండా ఊళ్లో అదే మాట. డ్రైవరమ్మకు స్టీరింగు మీద కునుకు పట్టిందట, పేషెంటు ప్రాణం మీదికి తెచ్చిందట. పదేళ్లుగా ఆమె బండెక్కినవాళ్లే వేరే బండి మాట్లాడుకున్నారు. మోకాలి నొప్పి మాత్రలకు తగ్గేది. ఈ నొప్పికి మాత్ర లేదు.

విరిగిన కారును ఇంటి పక్క ఖాళీ జాగాలో పడేశారు. ఊతకర్రతో నాలుగడుగులు వేయగలిగిన రోజునే ఆమె వీధి చివరి వైర్ల తాతను పిలిపించింది. తాత కార్ల ఎలక్ట్రీషియన్. చూపు మందగించినా వేళ్లతోనే వైరు రంగు చెప్తాడని పేరు. ఆయన తన బ్యాటరీ తగిలించి, "స్టార్ట్ చెయ్యకు. తాళం ఒక్క మెట్టు తిప్పి ఆగు" అన్నాడు.

మీటరులో లైట్లు వెలిగాయి. ఆయిలు, బ్యాటరీ, బ్రేకు, ఎయిర్ బ్యాగు.

"ఇంజిన్ బొమ్మ వెలిగిందా?"

"లేదు తాతా."

"తాళం తిప్పగానే అన్ని లైట్లూ ఒకసారి వెలిగి, మేం బతికే ఉన్నామని చెప్పి ఆరిపోవాలి. అది వెలగలేదంటే చచ్చిందన్నా అనుకోవాలి, ఎవరన్నా చంపారన్నా అనుకోవాలి."

మీటరు విప్పారు. ఇంజిన్ లైటు మీద గోరంత నల్ల టేపు ముక్క. అంచులు కత్తిరించిన తీరు ఎంతో పొందికగా ఉంది. తర్వాత తాత బండి జబ్బు చెప్పే తన స్కానరు తగిలించి ఆమె చేతనే చదివించాడు. మూడో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదని బండి కంప్యూటరు ఎప్పటినుంచో రాసిపెట్టుకుని ఉంది. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడ పొగను శుద్ధి చేసే జల్లెడలాంటి భాగాన్ని కరిగించేసింది. గొట్టం కోసి చూస్తే లోపల తేనెపట్టు కరిగి గడ్డకట్టినట్టుంది. పొగ బయటికి పోయే దారి లేక ఇంజిన్‌కు ఊపిరాడలేదు.

"రెండు నెలలుగా ఈ బండి మొత్తుకుంటూనే ఉందమ్మా. నోరు కుట్టేశారు" అన్నాడు తాత.

ఆమె ఏడవలేదు. పరుగున బావ ఇంటికి పోయి అరవనూ లేదు. అరిస్తే నాలుగు రోజుల గోల. అతను మళ్లీ నవ్వుతాడు. ఆ నవ్వు ఇంకోసారి చూడదలచుకోలేదు ఆమె.

"తాతా, నాకీ పని నేర్పు."

"ఎందుకే, పొట్టకోసమా?"

"పగకోసం."

తాత స్కానరు వైరు చుట్టుకుంటూ, "సరే. పగున్నవాళ్లు పాఠం మర్చిపోరు" అన్నాడు.

రెండేళ్లు ఎత్తు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుని నేర్చుకుంది. ఇంజిన్ బలం పడిపోతే ముందు గాలి చూడాలి, తర్వాత పెట్రోలు, తర్వాత నిప్పు, చివర పొగ. స్కానరు చెప్పేది దొంగ పేరు కాదు, దొంగతనం జరిగిన వీధి మాత్రమే. తాత నేర్పిన ప్రతి మాటా నూరి పక్కన పెట్టుకున్న కత్తిలా దాచుకుంది.

ఒక ఆదివారం పొద్దున, కొనేవాళ్లతో బావ కార్లు అమ్మే యార్డు కిటకిటలాడే వేళ చూసుకుని కర్ర పోటేసుకుంటూ వెళ్లింది.

"రా మరదలా రా! కుర్చీ వెయ్యండ్రా!" అన్నాడు పాలిష్.

ఆమె కూర్చోలేదు. కొనడానికి వచ్చినవాళ్ల వైపు తిరిగి గట్టిగా చెప్పింది: "అయ్యా, అమ్మా, ఒక్క మాట. బండి స్టార్ట్ చెయ్యకండి. తాళం ఒక్క మెట్టు తిప్పి ఇంజిన్ బొమ్మ వెలుగుతుందేమో చూడండి."

తొమ్మిది బండ్లలో తాళాలు తిరిగాయి. అయిదింట్లో బొమ్మ వెలగలేదు.

"బల్బు మాడిపోయి ఉంటుంది" అన్నాడు పాలిష్.

"అయిదింట్లోనూ ఒక్కసారే మాడిందా బావా?"

ఒక బడిపంతులు తను బేరమాడుతున్న బండి చూపించి, "ముందిది విప్పమ్మా" అన్నాడు. స్క్రూడ్రైవరు తీసింది. పది నిమిషాల్లో టేపు ముక్కను వేలి కొనకు అంటించుకుని అందరికీ చూపించింది. "నా మోకాలు పోయింది ఇందుకే. కునుకు పట్టి కాదు."

పాలిష్ మొహం తేలు కుట్టిన దొంగలా అయింది. దగ్గరికొచ్చి పళ్ల బిగువున, "ఇంటి పరువు రోడ్డెక్కిస్తావా?" అన్నాడు.

ఎప్పుడూ మీరు అనే బావను ఆమె మొదటిసారి ఏకవచనంలో పిలిచింది. "రోడ్డెక్కించింది నువ్వు. నేను బ్రేకు వెయ్యలేదు, అంతే."

ఆరు నెలల్లో యార్డు మూతపడింది. డ్రైవరమ్మ రోజూ సాయంత్రం పనిగట్టుకుని రెండు వీధులు చుట్టు తిరిగి, ఆ తాళం వేసిన గేటు ముందునుంచే ఇంటికి వెళ్లేది. మోకాలు సలిపినా సరే. గేటుకు తుప్పు పట్టడం చూస్తుంటే ఆమెకు ఆకలి వేసేది. అక్క మాటలు మానేసింది. మానితే మానిందనుకుంది.

ఏడాది తర్వాత అక్కే కారు తోలుకుని తాత షాపుకు వచ్చింది. చెల్లెలి వైపు చూడకుండా తాతతో చెప్పింది: "ఎత్తు ఎక్కడం లేదు. నల్ల పొగ. లైట్లు వెలుగుతున్నాయి."

"నాకు చూపానదు. దానికే చెప్పు" అన్నాడు తాత, టీకి వెళ్లిపోతూ.

డీజిలు బండి. స్కానరు పెడితే ఇంజిన్‌కు గాలి చాలడం లేదని చూపింది. డ్రైవరమ్మ బానెట్ ఎత్తి, "ఎక్కి కూర్చుని మెల్లగా రేజ్ చెయ్యి" అంది. అక్క చేసింది. ఎక్కడో బుస్సుమంది. చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమితే, గాలిని నొక్కి పంపే టర్బో నుంచి ఇంజిన్‌కు తీసుకెళ్లే రబ్బరు గొట్టం అడుగున చీలిక తగిలింది.

"ఇంక ఆపు" అంది.

అక్క ఇంజిన్ ఆపింది. దిగలేదు. స్టీరింగు పట్టుకునే అంది: "ఆ టేపు ముక్కలు కత్తిరించి అంటించింది నేనే."

డ్రైవరమ్మ చెయ్యి లోపలే ఉండిపోయింది.

"ఆయన వేళ్లు లావు. మీటర్లు సంచిలో వేసి ఇంటికి తెచ్చేవాడు. ఏది ఏ బండిదో నాకు తెలీదు. నీదీ అందులో ఉందని వంతెన మీద గుద్దుకున్న రోజే తెలిసింది."

"ఆస్పత్రిలో ఎందుకు నోరు విప్పలేదు?"

"చెప్తే మొగుడు పోతాడు. చెప్పకపోతే చెల్లెలు పోతుంది. మొగుణ్ణి ఉంచుకున్నా."

డ్రైవరమ్మ చెయ్యి బయటికి తీసింది. కొత్త గొట్టం తెచ్చి వేసింది, క్లిప్పులు బిగించింది, లైట్లు ఆరిపోయాయో లేదో మళ్లీ తాళం తిప్పి చూసుకుంది. చేతులు తుడుచుకున్నాక అడిగింది: "మొత్తం ఎన్ని బండ్లు?"

"నలభైకి పైనే."

"రేపటినుంచి రా. కొన్నవాళ్లందర్నీ పిలిపిస్తాను. నువ్వంటించినవి నువ్వే పీకాలి. వాళ్ల ఎదురుగా."

"నన్ను తిట్టి చంపుతారే."

"తిట్టనీ. నన్ను తిట్టలేదా?"

అక్క మర్నాడు రాదనే అనుకుంది. తొమ్మిదింటికల్లా వచ్చింది. మొదటి బండి ఒక కూరగాయల వ్యాపారిది. అతను అక్క ఏడు తరాలనూ వరసపెట్టి ఉతికి ఆరేశాడు. అక్క తల వంచుకుని స్క్రూలు విప్పుతూనే ఉంది. డ్రైవరమ్మ పక్కనే కూర్చుని పానాలు సైజు ప్రకారం పేర్చుకుంటోంది. "చాల్లెండి" అని ఒక్కసారైనా అనలేదు.

వానలు మొదలయ్యేసరికి ముప్పై ఒక్క బండ్లు అయ్యాయి. ఇద్దరూ పని మాటలే తప్ప వేరే మాట్లాడుకోరు. అన్నం మాత్రం ఒకే బల్ల దగ్గర, చెరో చివర.

"ఇంక చాల్లేవే, అక్కే కదా" అని అమ్మ అడిగింది.

"అక్క కాబట్టే" అంది డ్రైవరమ్మ.

పాలిష్ రోజూ ఆరింటికి పెళ్లాన్ని తీసుకెళ్లడానికి వస్తాడు. షాపు దాకా రాడు. ఎదుటి మలుపులో బండి ఆపుకుని తల దించుకుని కూర్చుంటాడు. డ్రైవరమ్మ అతన్ని చూస్తుంది. చూసి, అప్పుడే సంచి సర్దుకుంటున్న అక్క ముందు ఇంకో మీటరు పెట్టి, "ఇది కూడా బిగించి వెళ్లు" అంటుంది.