మే నెలలో చలి వెతుక్కుంటూ కైకలూరు దాకా

అయినా అందులో అంత నవ్వాల్సిందేముందో నాకిప్పటికీ అర్థం కావడం లేదు. షాపులోకి వెళ్ళాం, చలికోటు కావాలన్నాం. బట్టల షాపులో బట్టలే కదా అడిగాం. బెంజ్ సర్కిల్ దగ్గర మొదటి షాపులో పెళ్ళికొడుకు సూట్లు చూపించారు. రెండో షాపులో నవ్వాపుకుంటూ రెయిన్ కోటు తెచ్చారు. మూడో షాపాయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, కాసేపు ఫ్యాను కింద కూర్చోమని మంచినీళ్ళిచ్చాడు. తప్పు ఆయనది కూడా కాదు. బయట రోహిణి కార్తె ఎండ, రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. స్వెటర్లమ్మేవాళ్ళు మళ్ళీ నవంబరులోగానీ బెజవాడ రారట. మా పిల్ల సెప్టెంబరుకే వెళ్ళాలి.

పిల్లంటే నా కూతురు కాదు, మస్తాన్ కూతురు రిజ్వానా. మస్తాన్ ఆటోనగర్లో లారీలకి సీట్లు కుడతాడు. నేను ముదినేపల్లి దగ్గర పల్లెలో మోటార్లు రివైండింగ్ చేస్తాను. రాగితీగ కోసం ఆటోనగర్ వెళ్ళినప్పుడల్లా అతని కొట్లో టీ తాగడం ఏళ్ళనాటి అలవాటు. రిజ్వానా చేపల పెంపకం మీద డిగ్రీ చేసింది. పైచదువుకి స్కాట్లాండులో సీటొచ్చింది, స్కాలర్‌షిప్పు కూడా ఇచ్చారు. కొల్లేటి చుట్టూ ఇన్ని చెరువులుండగా చేపల కోసం అంతదూరం దేనికమ్మా అని అడిగాను. "ఇక్కడ చేప చచ్చాక మందు చల్లుతాం పెదనాన్నా. అసలెందుకు చచ్చిందో అక్కడ నేర్పుతారు" అంది. మోటారు కాలిపోయాక తప్ప ఎవరూ నా కొట్టు గుమ్మం తొక్కరు కాబట్టి, ఆ మాట నాకు వెంటనే అర్థమైంది.

చిక్కల్లా ఒక్కటే. ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ ఆయాసం. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మంచు పడితే చాలు, పిల్లికూతలు మొదలయ్యేవి. ఇప్పుడు చాలా నయం. పీల్చే మందు దగ్గరుంచుకుని, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటే వెళ్ళొచ్చని డాక్టరుగారు చెప్పారు. మస్తాన్ మాత్రం ఒప్పుకోలేదు. ఆటోనగర్ మంచుకే అల్లాడిన పిల్లని ఐసు పెట్టెలో పెట్టి రమ్మంటారా అని కూర్చున్నాడు. సీటు ఖాయం చేసుకోవడానికి యూనివర్సిటీవాళ్ళిచ్చిన గడువు దగ్గర పడింది. చివరికి రిజ్వానాయే ఒక దారి చెప్పింది. కైకలూరు దగ్గర రొయ్యల ప్లాంటులో మోటార్లు పాడైతే నన్నే పిలుస్తారు, అక్కడి కోల్డ్ రూములో మైనస్ పద్దెనిమిది ఉంటుంది. అందులో నిలబడి చూపిస్తానంది. నిలబడితే పంపడం, లేకపోతే ఆ ఊసే ఎత్తకపోవడం. మస్తాన్ సరేనన్నాడు. డాక్టరుగారిని మళ్ళీ అడిగాం. పక్కన మనుషులుంటే కాసేపు పరవాలేదు, ఇబ్బందైతే వెంటనే బయటికి తీసుకొచ్చెయ్యమన్నారు.

షాపుల్లో కోటు దొరకలేదని మస్తాన్ తానే కుట్టాడు. పైన నల్ల రెగ్జిన్, లోపల సీట్లలో వేసే ఫోము, అంచులకి డబుల్ కుట్టు. బంగాళాఖాతంలో పడేసినా తేలుతుంది. మందు పెట్టుకోవడానికి లోపల గుండెల దగ్గర జేబు కూడా పెట్టాడు. రిజ్వానా తొడుక్కుంటే అచ్చం డ్రైవరు సీటు లేచి నడిచొస్తున్నట్టుంది. మనసులో అనుకున్నానంతే.

ముందురోజు రాత్రి మస్తాన్ ఇంట్లోనే పడుకున్నాను, శనివారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. ఆటోనగర్ గేటు దగ్గర గుడివాడ బస్సు ఆగుతుంది. కంకిపాడు దాటాక రెండు పక్కలా కాలవలు, వాటి వెంట కొబ్బరిచెట్లు, కిటికీ సీటు దొరికితే ఆ గాలికే చార్జీ గిట్టుబాటవుతుంది. గుడివాడకి గంటంబావు, ముప్పై రూపాయల్లోపే. అక్కడ స్టాండులో ఇడ్లీ తిని కైకలూరు బస్సెక్కితే మరో గంట. ముదినేపల్లి దాటిన దగ్గర్నుంచి పొలాలు తగ్గి చెరువులు మొదలవుతాయి. కోటుని మస్తాన్ దారిపొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. కైకలూరులో షేర్ ఆటో డ్రైవరు దాన్ని చూసి, ఏ లారీ సీటండీ అని అడిగాడు. మా అమ్మాయి కోటని మస్తాన్ చెప్పాక, ప్లాంటు వచ్చేదాకా ఆ మనిషి అద్దంలో కోటునే చూస్తూ నడిపాడు.

కోల్డ్ రూము చూసుకునే ఏసుబాబుకి ముందే ఫోన్ చేశాను. రోజుకి పదిసార్లు ఆ చలిలోకి వెళ్ళొచ్చే మనిషి, బయట ఎండలో చొక్కా గుండీలన్నీ విప్పుకుని కూర్చున్నాడు. నాకూ మస్తాన్‌కీ ప్లాంటు కోట్లిచ్చాడు. డాక్టరు చెప్పిన సంగతి విని, తలుపు దగ్గర ఇంకో మనిషిని నిలబెట్టాడు. తలుపు తియ్యగానే తెల్లటి పొగ కాళ్ళ మీదకి పారింది. లోపల పైకప్పు దాకా రొయ్యల పెట్టెలు. నా మీసం మీద తడి గట్టిపడిపోయింది. రిజ్వానా చున్నీ ముక్కుకి చుట్టుకుని, రొయ్యల్ని ఎన్ని సైజులు చేస్తారు, రొయ్యలు పేర్చిన ఐసు బ్లాకు ఎంతసేపట్లో గడ్డకడుతుంది అంటూ ఏసుబాబుని అడగడం మొదలుపెట్టింది. మస్తాన్ రొయ్యల వంక చూడ్డంలేదు. కూతురి గుండెల వంకే చూస్తున్నాడు.

కాసేపటికి ఆమె దగ్గింది. మళ్ళీ దగ్గింది. సన్నగా పిల్లికూత మాక్కూడా వినబడింది. మందు కోసం చెయ్యి లోపలి జేబులో పెట్టబోయింది, మోచెయ్యి వంగలేదు. చలికి రెగ్జిన్ రేకులా బిగుసుకుపోయింది. మా మస్తాన్ లారీలన్నీ ఎండలోనే తిరిగేవి మరి. అతను ఒక్క అంగలో ముందుకెళ్ళి ఆమె భుజం పట్టుకున్నాడు, బయటికి లాగడానికే. రిజ్వానా ఆగమన్నట్టు చెయ్యెత్తింది, అతను వదిలేశాడు. ఆ పిల్ల జిప్పు లాగి, రెండు భుజాలూ విదిలించుకుని కోట్లోంచి బయటికొచ్చేసింది. కోటు కింద పడలేదు, అక్కడే నిలబడింది. ఆమె దాని జేబులోంచి మందు తీసి, పీల్చి, ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలింది. ఇంకోసారి పీల్చింది. ఒంటి మీద పాత స్వెటరొక్కటే.

పిల్లికూత తగ్గింది. రిజ్వానా చున్నీ మళ్ళీ ముక్కుకి సర్దుకుని, "ఏసుబాబు గారూ, బ్లాకు గడ్డకట్టడానికి ఎంతసేపన్నారు?" అంది.

బయటికొచ్చాక మస్తాన్ ప్లాంటు అరుగు మీద ఎండలోనే కూర్చుండిపోయాడు. ఏసుబాబు టీ తెప్పించాడు. మస్తాన్ గ్లాసు పట్టుకున్నాడుగానీ తాగలేదు. ఆ మందు చిన్నప్పుడు తనే నోటి దగ్గర పట్టుకుని, ఒకటి రెండు అని లెక్కపెట్టి పీల్పించేవాడినని చెప్పాడు. గ్లాసు పక్కన పెట్టి, "కోటు పనికిరాదన్నా. పిల్ల పనికొస్తుంది" అన్నాడు. రిజ్వానా అటు తిరిగి చున్నీతో కళ్ళు తుడుచుకుంది. చలికి కళ్ళలో నీళ్ళొచ్చాయంది. మేమూ అదే నమ్మాం.

నేను చదువుకున్నది మా ఊరి బడి వరకే. విదేశాలకెళ్ళే పిల్లలంటే బాగా ఇంగ్లీషొచ్చి, ధైర్యంగా ఉండేవాళ్ళనుకునేవాణ్ణి. ఆరోజు అర్థమయింది, తన ఒంట్లో ఏముందో తెలుసుకుని దాన్ని చూసుకోగలిగితే చాలు. అంతకంటే నాకు గొప్పగా అనిపించింది మస్తాన్. పట్టుకున్న భుజం వదిలేశాడు. ఆ ఒక్క పనికి అతనెంత బలం తెచ్చుకున్నాడో పక్కనున్న నాకు తెలుసు. చలిదేశాలకి పిల్లల్ని పంపేవాళ్ళకి ఒక్క మాట. ఆయాసం మందు సూట్‌కేసులో సర్దకండి, కోటు లోపలి జేబులోనూ వద్దు. ఎడంచేత్తో కూడా అందేలా పై జేబులోనే ఉంచుకోమనండి, డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా చేతిసంచిలోనే. ఇదంతా ఆటోనగర్ నెట్ సెంటర్లో కూర్చుని రాస్తున్నాను, వీసా పనికి ముగ్గురం ఇవాళే మద్రాసు వెళ్తున్నాం. ఆ ప్లాంటు చూడాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుగా ఏసుబాబుని... ఇదిగో, గుమ్మంలోంచి రిజ్వానా, "పెదనాన్నా, నాన్న ఆటోలో కూర్చున్నాడు, రైలు మనకోసం ఆగదు" అంటోంది, వస్తున్నానమ్మా, ఈ ఒక్క వాక్యం పూర్తిచేసి